కూర్చునే పరుగెత్తిన టీకాలాయన

ఆ రోజుల్లో మా వైపు భయం అంటే పులి, పాము, కలరా, రిజర్వు ఫారెస్టు గార్డు. ఇవి అందరూ ఒప్పుకున్న భయాలు. నల్లమల అంచున పుట్టినవాడు పులికి భయపడ్డానని చెప్పుకుంటే పరువేమీ పోయేది కాదు సరిగదా, పక్కనున్నవాడు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుని "ఆఁ, తర్వాత?" అనేవాడు. కానీ చేతిలో పెట్టిన పని చెడగొడతానేమో, నలుగురూ నవ్వుతారేమో అని వెనక్కు లాగే ఆ రెండో రకం భయం ఉంది చూశారూ, దానికి మాలో పేరు లేదు. పేరు లేని జబ్బుకు మందేముంటుంది? అందుకని అది తగులుకున్నవాడు తలనొప్పి అనేవాడు, ఎండ ఎక్కువగా ఉందనేవాడు, ఈ రోజు వారం మంచిది కాదనేవాడు. నా సంగతే చెబుతాను. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళి, వారాలూ వర్జ్యాలూ మూఢనమ్మకాలని పదిమందికీ బోధించిన క్రైస్తవుణ్ణి నేను. అలాంటి నేను పందొమ్మిదో ఏట, ఒక పల్లెలో, "ఈ రోజు మంగళవారం గదా, వద్దులే" అని మంగళవారం చాటున దాక్కున్నాను. ఆ కథే ఇది.

మా నాయన మార్కాపురం దగ్గర పలకల గనుల్లో రాయి చీల్చేవాడు. ఉలి ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేస్తే బండ అరిటాకులాగా పొరలుగా విడిపోవాలి. అన్నీ విడిపోవు. కొన్ని అడ్డంగా పగిలి ముక్కలవుతాయి. మా నాయన ఆ ముక్కలను కాలితో పక్కకు తోసి, వాటివైపు మళ్ళీ చూడకుండా ఇంకో రాయి లాక్కునేవాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి ఉలి చేతికిచ్చాడు. నా మొదటి రాయే మూడు ముక్కలయింది. పక్కన పనిచేసేవాళ్ళు నవ్వారు. (వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకదానికి నవ్వుతూనే ఉండేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది.) నేను ఉలి కింద పెట్టి, నీళ్ళు తాగొస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను. "వీడికి చదువే గతి" అని మా నాయన తేల్చేశాడు. ఆ చదువు పుణ్యాన, మా బడి దొరగారు రాసిచ్చిన మంచి మాట పుణ్యాన, నాకు టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. ఊరికి ఎడంగా ఉండే మా పాలెంలో కూలికి పోకుండా నెల జీతం తెచ్చుకునే మొదటివాణ్ణి నేనే. మా అమ్మ ఆ సంగతిని గిద్దలూరులో ఉండే చుట్టాలకు కూడా కబురు పెట్టింది.

పని నేర్పటానికి నన్ను ఒక పెద్ద టీకాలాయన దగ్గర పెట్టారు. ఆయన పడుకునేటప్పుడు తప్ప ఖాకీ టోపీ తీసేవాడు కాదు గనుక అందరూ టోపీసారు అనేవాళ్ళు. ఇప్పటివాళ్ళకు తెలియదు కాబట్టి ఆ పని ఎలా ఉండేదో చెబుతాను. పెన్సిలంత ఇనుప పుల్ల, దాని కొసన చుట్టూ పళ్ళున్న చిన్న బిళ్ళ. అదే మా సూది. దాన్ని స్పిరిటు దీపం మీద కాల్చి, చల్లారనిచ్చి, చేతి పైభాగంలో ఒక చుక్క మందు వేసి, ఆ చుక్క మీద బిళ్ళను ఆనించి వేళ్ళతో ఒక్క తిప్పు తిప్పాలి. చర్మం గీరుకోవాలి గానీ రక్తం కారకూడదు. గట్టిగా నొక్కితే రక్తంతో పాటు మందు కొట్టుకుపోతుంది. మెత్తగా నొక్కితే మందు దిగదు. ఎనిమిదో రోజు మళ్ళీ ఆ ఊరు వెళ్ళి చూడాలి. పొక్కు లేస్తే ఆ బిడ్డకు మశూచి రాదు. లేవకపోతే మన పని చెడినట్టు. ఎంత మొండివాడయినా ఇందులో బుకాయించటానికి లేదు. నువ్వు చేసిన పని బిడ్డ చేతి మీద కూర్చుని ఊరందరికీ కనబడుతుంది.

నెలరోజులు టోపీసారు పెట్టె మోశాను. చివర్లో కొమరోలు వైపు ఒక పల్లెలో ఆయన "ఏం అబ్బీ, ఒకటి వేస్తావా?" అని సూది నాకిచ్చాడు. నేను వేశాను. వేశాననేకంటే గునపం దించానంటే బాగుంటుంది. రక్తం వచ్చింది, బిడ్డ కేర్ మంది, తల్లి బిడ్డను లాక్కుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిదో రోజు వెళ్ళి చూస్తే చెయ్యి నున్నగా ఉంది. టోపీసారు రిజిస్టరు తీసి, ఎర్రసిరాతో 'ఫెయిల్' అని రాసి, కింద గీత కూడా గీశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అక్కడితో పోయేది. అనలేదు కాబట్టి ఆయన అనని మాటలన్నీ నేనే నాకు చెప్పుకోవలసి వచ్చింది.

తర్వాత పదిరోజుల సెలవులో ఇంటికి వచ్చి నేను చేసిన ఘనకార్యం వంకాయల మీద సాధన. వంకాయ చర్మం బిడ్డ చర్మంలాగే పల్చగా, నున్నగా ఉంటుందని నాకు తోచింది. మా అమ్మ దొడ్లో కాసిన వంకాయలన్నిటికీ వరసగా నాలుగేసి గాట్లు పెట్టాను. కొన్నిటికి తెల్లని కండ కనబడేది, కొన్నిటికి గీత కూడా పడేది కాదు. మా అమ్మ కూరకు కోద్దామని బుట్ట తీసి చూసి, "ఏందిరా ఇది, కాయలకు గూడా అమ్మోరు పోస్తుందని టీకాలు వేసినావా?" అంది. నాయన నవ్వలేదు. ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి, "వంకాయ ఏడవదు నాయనా. నువ్వు ఏడ్చే దాని మీద నేర్చుకోవాల" అన్నాడు. ఆయన చెప్పింది నిజమని తెలుసు గనుకే నాకు కోపం వచ్చింది.

అంతలో ఉత్తర్వు వచ్చింది. కంభం తాలూకాలో, అర్ధవీడు దాటి కొండవైపు ఉన్న ఒక పల్లెకు నన్ను ఒక్కణ్ణే పంపారు. అక్కడికి నాలుగు మైళ్ళలో అమ్మవారు కనబడిందట. మందు మద్రాసు నుంచి రైల్లో కంభం వచ్చింది. సన్నని గాజు గొట్టాల్లో ఉండేది. ఎండ తగిలితే చచ్చిపోతుంది, నీడన ఉంచినా వారం కంటే నిలవదు. వాటిని తడిగుడ్డలో చుట్టి మట్టికుండలో పెట్టి, ఒక చేత్తో కుండ, ఒక చేత్తో పెట్టె పట్టుకుని ఊరు చేరాను. మునసబు గారు నా కాగితం చూసి, నన్నూ చూసి, "ఎవరి పిల్లోడివి?" అన్నారు. చెప్పాను. ఆయన కాసేపు మీసం సవరించుకుని, "చావడి వద్దులే. ఊరి చివర పొట్టేళ్ళ దొడ్డి పక్కన కానుగచెట్టు ఉంది. చల్లగా ఉంటుంది. అక్కడ పెట్టుకో" అన్నారు. (ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.)

మొదటిరోజు తలారి డప్పు కొట్టి చాటింపు వేశాడు. అది చాలు, ఊరు ఖాళీ అయింది. తల్లులు బిడ్డలను చంకనేసుకుని జొన్నచేలల్లోకి పోయారు. ఒకావిడ కొడుకును ఖాళీ గాదెలో దించి పైన చాప కప్పింది. ఇంకొకాయన ఇద్దరు పిల్లల్నీ మేకలతోపాటు కొండకు తోలేశాడు. నేను కానుగచెట్టు కింద పెట్టె తెరిచి, దీపం వెలిగించి, ఖాళీ వీధి వంక చూస్తూ కూర్చున్నాను. పైకి నిట్టూర్చాను. లోపల మాత్రం ఆ పారిపోయిన తల్లులందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. నాకంటే సంతోషించినవాడు ఆ రోజు ఆ తాలూకాలో లేడు. సాయంత్రం రిజిస్టరులో మంచి దస్తూరీతో 'ప్రజలు సహకరించలేదు' అని రాశాను.

రెండోరోజు మంగళవారం. ఒక తల్లి భయపడుతూనే బిడ్డను తీసుకుని చెట్టుదాకా వచ్చింది. ఆమెను చూడగానే పెట్టె మూత వేసేశాను. అప్పుడే నేను, "మంగళవారం గదమ్మా, అమ్మోరి వారం. ఈ రోజెందుకులే, రేపు రా" అన్నాను. ఆమె నాకేసి వింతగా చూసి వెళ్ళిపోయింది. మూడోరోజు మబ్బు పట్టిందని కాసేపు, ఎండ వచ్చిందని కాసేపు ఆగాను. దీపం వెలిగించాను. సూది కాల్చాను. దీపం ఆర్పాను. రిజిస్టరులో రాబోయే పేజీలన్నిటికీ స్కేలు పెట్టి గీతలు గీశాను. అంత అందమైన ఖాళీ రిజిస్టరు కర్నూలు జిల్లాలో ఇంకొకటి ఉండేది కాదనుకుంటాను. కుండలో మందు మాత్రం నా గీతల కోసం ఆగదు కదా. దాని గడువులో మూడు రోజులు అయిపోయాయి.

ఆ దొడ్డిలో ఒక ముసలావిడ పొట్టేళ్ళను సాకేది. ఊరంతా ఆమెను పొట్టేళ్ళవ్వ అనేవాళ్ళు. మొహం నిండా మశూచి గుంటలు. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిన మనిషి. మూడు రోజులుగా ఆమె పొట్టేళ్ళకు ఆకు వేస్తూ, పేడ ఎత్తుతూ, కంచె అవతలి నుంచి నన్ను గమనిస్తూనే ఉంది. మూడోరోజు మధ్యాహ్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఏం నాయనా, పొద్దున్నించి చూస్తా ఉండా. ఆ దీపం ముట్టించబట్టి నాలుగుసార్లాయె. ముట్టిస్తావు, ఆర్పుతావు, పుస్తకంలో గీతలు గీస్తావు. ఏంది నీ పని?"

"జనం రాకపోతే నేనేం చేసేది అవ్వా? పిల్లోళ్ళను దాచిపెట్టుకొని ఉరుకుతా ఉండారు."

"వాళ్ళు కాళ్ళతో ఉరుకుతా ఉండారు. నువ్వు కూకొనే ఉరుకుతా ఉండావు."

నాకు చర్రున కోపం వచ్చింది. గవర్నమెంటు పని మీద వచ్చినవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, ఈ పేడచేతుల ముసల్ది ఎవరు నాకు చెప్పటానికి అనుకున్నాను. ఆ మాటే అనబోయి నోరు తెరిచాను కూడా. కానీ నా కళ్ళు ఆ గీతల రిజిస్టరు మీద పడ్డాయి. మొదటి రోజు జనం రాలేదన్నాను. రెండో రోజు వచ్చిన మనిషిని నేనే పంపేశాను. మూడో రోజు ఆకాశాన్ని తప్పుపట్టాను. గని దగ్గర నీళ్ళు తాగొస్తానన్నది కూడా దాహం వేసి కాదు. ఇన్నాళ్ళూ వేరువేరు కారణాలనుకున్నవన్నీ ఒకే వరసలో నిలబడితే వాటన్నిటి మొహమూ ఒకటేలా కనబడింది. తెరిచిన నోటి నుంచి నేను అనుకోని మాట వచ్చింది.

"నాకు సరిగ్గా చేతకాదేమోనని భయంగా ఉంది అవ్వా."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనటం అదే మొదలు. మా నాయనతో అనలేదు, టోపీసారుతో అనలేదు, దేవుడి దగ్గర ప్రార్థనలో కూడా అనలేదు. (ఆయన దగ్గర 'బలమియ్యి ప్రభువా' అని గుండుగుత్తగా అడిగి ఊరుకునేవాణ్ణి.) ఆమె నన్ను ఓదార్చలేదు. నవ్వనూ లేదు.

"అమ్మోరు నన్ను ఇడిసిపెట్టింది గానీ నా బిడ్డల్ని ఇడిసిపెట్టలే. ఇద్దరిని ఈ చేతుల్తో మట్టిలో పెట్టినా. ఇప్పుడు మనవరాలుంది. నీకు భయం తీరిందాకా ఆగేదానికి నాకు కుదరదు" అని, రవిక చెయ్యి పైకి లాక్కుని తన చెయ్యి నా ముందు చాపింది. "ఇదో, వెయ్యి."

"నీకు అమ్మోరు పోసింది గదా అవ్వా. ఇంక నీకు టీకా అక్కర్లేదు."

"అందుకే వెయ్యమంటా ఉండా. నాకాడ చెడిపోయేదానికేం లేదు. మందు పెట్టొద్దు. ఉత్త సూది తిప్పు. చెయ్యి తిరిగిందాకా తిప్పు."

దీపం ఐదోసారి వెలిగించాను. సూది కాల్చి, చల్లార్చి, ఆమె చేతి మీద ఆనించి తిప్పాను. "తేలు!" అని ఆమె పెట్టిన కేకకు దొడ్లో పొట్టేళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. రక్తం చుక్క కనబడింది. నా చెయ్యి వెనక్కు పోయింది. "యాడికి పోతా ఉంది ఆ చెయ్యి? మళ్ళా వెయ్యి" అంది. మళ్ళీ సూది కాల్చి, ఈసారి దూదితో తుడిచినంత మెత్తగా తిప్పాను. "ఇది ఈగ. వాలి పోయింది. ఇంకోటి." మూడోది మళ్ళీ తేలు, కాకపోతే పిల్ల తేలు అంది. నాలుగోది దోమ. ఐదోదానికి ఆమె కాసేపు కళ్ళు మూసుకుని, మంచి పచ్చడి రుచి చూసినదానిలాగా తల ఊపింది. "ఇదీ! ఇది గండుచీమ. ఇట్ల వెయ్యి నాయనా. గండుచీమ కుట్టినట్టు పడాల." నేను చేతి వంక చూస్తే చర్మం ఎర్రగా గీరుకుంది, రక్తం లేదు. టోపీసారు నెలరోజులు నేర్పలేనిది నాకు ఒక గంటలో తెలిసింది. ఎందుకంటే వంకాయ లాగా ఆమె ఊరుకోలేదు. తప్పు ఎంత తప్పో, ఒప్పు ఎంత ఒప్పో అప్పటికప్పుడు చెప్పింది.

ఆమె కేకలకు, ఆ కేకల మధ్య నవ్వులకు, జనం ఒక్కొక్కరే తొంగిచూడటం మొదలుపెట్టారు. జొన్నచేలోంచి ముందు తలలు, తర్వాత మనుషులు వచ్చారు. ఆ రోజు కూడా గాదెలో దాచిన పిల్లవాడు తనే పైకెక్కి వచ్చేశాడు. పొట్టేళ్ళవ్వను గవర్నమెంటువాడు ఏదో చేస్తుంటే ఆమె వాణ్ణి తిడుతూ నవ్వుతోందంటే చూడకుండా ఎవరుంటారు? గుంపులోంచి ఆమె మనవరాలు, ఐదేళ్ళ పిల్ల, నా మోకాలి దగ్గరికి వచ్చి చెయ్యి చాపి, "నాకు ఈగ వెయ్యి" అంది.

పిల్లలందరూ "నాకు ఈగ", "నాకు దోమ" అని ఎగబడ్డారు. తేలు కావాలన్నవాడు కూడా ఒకడున్నాడు. కుండలోంచి మందు తీశాను. భయం వేసింది, నిజమే. కానీ భయపడేవాడి చెయ్యి కూడా పని చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. నలుగురికి బాగానే పడిందనుకున్నాను. ఐదోవాడు, ఆ తేలు అడిగిన మొనగాడే, సూది ఆనగానే ఎగిరిపడ్డాడు. రక్తం జర్రున కారింది. వాడి తల్లి "అయ్యో నా బిడ్డా" అంది. నా కళ్ళ ముందు ఎర్రసిరా కనబడింది. నీళ్ళు తాగొస్తానని లేవబోయాను కూడా. పొట్టేళ్ళవ్వ నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కాస్త పైన వెయ్యి. చెయ్యి ఇంకా శానా ఉంది."

చూస్తే నిజంగానే చాలా చెయ్యి ఉంది! ఒక చోట తప్పితే బిడ్డ చెయ్యి మొత్తం అయిపోయినట్టు ఇన్నాళ్ళూ నేను అనుకున్నానన్నమాట. రక్తం తుడిచి, సూది కాల్చి, అంగుళం పైన ఇంకోటి వేశాను. గండుచీమ లాగా పడింది. వాడి తల్లి కూడా ఊపిరి పీల్చుకుంది. పొద్దువాలేలోగా పదిహేడుమందికి వేశాను. ముందురోజు నేను మంగళవారం చెప్పి పంపేసిన తల్లి అందరికంటే ఆఖర్న వచ్చి, "ఈ పొద్దు వారం మంచిదేనా అయ్యా?" అని అడిగింది. ఎగతాళో, నిజంగా అడిగిందో ఇప్పటికీ తెలియదు. "చాలా మంచిది తల్లీ" అన్నాను.

ఇక్కడితో భయం పోయిందని రాసుకుంటే బాగుంటుంది. పోలేదు. చుట్టుపక్కల పల్లెలు తిరుగుతూ ఆ వారమంతా ఎనిమిదో రోజును తలుచుకుంటూనే ఉన్నాను. ఏడోరోజు పొద్దున కొంచెం ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపించింది. జ్వరమని కంభం కబురు చేస్తే టోపీసారే వెళ్ళి చూసుకుంటాడు కదా అన్న ఆలోచన చాలా మర్యాదగా, మెత్తగా వచ్చింది. ఈసారి మాత్రం దాన్ని గుమ్మంలోనే గుర్తుపట్టాను. "ఓహో, నువ్వా" అనుకున్నాను. చొక్కా తొడుక్కుని బయలుదేరాను. ఒళ్ళు వెచ్చదనం అర్ధవీడు దాటకముందే తగ్గిపోయింది.

మర్నాడు తనిఖీకి టోపీసారు కూడా వచ్చాడు. పిల్లలను వరసగా నిలబెట్టి చేతులు చూశాం. పొక్కులు ముత్యాల్లాగా లేచాయి. ఎగిరిపడ్డ మొనగాడికి అన్నిటికంటే బ్రహ్మాండంగా లేచింది. నాకు ఛాతీ ఉబ్బుతుండగా పొట్టేళ్ళవ్వ మనవరాలి చెయ్యి వచ్చింది. నున్నగా ఉంది. ముద్దుగా అడిగింది కదా అని నేను నిజంగానే దానికి ఈగ వేశాను! ఇంకో ఇద్దరికి కూడా లేవలేదు. టోపీసారు రిజిస్టరు అందుకోబోతే నేనే తీసుకుని, నా చేత్తో మూడు పేర్ల ఎదుట 'ఫెయిల్' అని రాశాను. రాస్తే ఏమవుతుందో అనుకున్నాను గానీ ఏమీ కాలేదు. సిరా ఆరింది, అంతే.

"నాది పాసా?" అంది పిల్ల.

"ఫెయిలు తల్లీ. తప్పు నాదే. మళ్ళా వేస్తా."

"అయితే ఈసారి చీమ వెయ్యి" అని రెండో చెయ్యి చాపింది. అక్కడే, అప్పుడే, టోపీసారు తెచ్చిన కొత్త మందుతో ముగ్గురికీ మళ్ళీ వేశాను.

తర్వాత చెట్టు కింద సద్దికి కూర్చున్నాం. టోపీసారు జొన్నరొట్టె చివరిముక్క నమిలి, ఎటో చూస్తూ, "అబ్బీ, కొమరోలు పక్కన నువ్వు వేసినావు చూడు, ఆ మందు అప్పటికే చచ్చిపోయింది. ఆ గొట్టం రెండు దినాలు నా కోటు జేబులో ఉండె. ఎండకు పోయింటుంది. ఎవరు వేసినా అది లేచేది కాదు" అన్నాడు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్పితే తప్పు నాదని తెలిసిపోదా?" అన్నాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్న ఆ మనిషి మొహం ఆ క్షణంలో నాలుగో తరగతి పిల్లవాడి మొహంలా ఉంది. నాకు కోపం రావలసింది. నవ్వు వచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ రోజే మొదటిసారి ఆయన నా ఎదుట టోపీ తీసి పక్కన పెట్టాడు.

మేమింకా చేతులు కడుక్కోకముందే తలారి వచ్చాడు. మునసబు గారి మనవడికి టీకా వేయాలట, ఇంటి వెనక వసారాలోకి రమ్మన్నారట. వెనకగుమ్మం నుంచి. టోపీసారు లేవబోయాడు. నేను లేవలేదు. వారం కిందట అయితే ముందు ఈ కాళ్ళే పరుగెత్తేవి. అప్పుడు మాత్రం ఎంతో మామూలుగా, "మందు ఇక్కడ నీడన ఉంది. ఎండలో తిప్పితే చెడిపోతుంది. ఊరి పిల్లలందరికీ ఇక్కడే వేసినాం. బిడ్డను ఇక్కడికే తీసుకొని రమ్మని చెప్పు" అన్నాను. టోపీసారుకు తాగుతున్న నీళ్ళు పొలమారాయి. తలారి నా వంక, చెట్టు వంక, మళ్ళీ నా వంక చూసి వెళ్ళాడు. రాకపోతే? నా మీద పైకి రాస్తే? ఉద్యోగం పోతే? అవన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. నేను కూర్చునే ఉన్నాను. ఈసారి పరుగెత్తకుండా కూర్చున్నాను.

కాసేపటికి మునసబు గారు మనవణ్ణి భుజాన ఎత్తుకుని తనే వచ్చారు. నేను సూది కాల్చాను. పొట్టేళ్ళవ్వ కంచె అవతలి నుంచి, "అమ్మోరు వచ్చినప్పుడు యా గుమ్మంలోంచి రావాలని అడిగిందా సామీ?" అంది, ఎవరితోనూ కానట్టు. నేను బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. మునసబు గారు మొహం అటు తిప్పుకున్నారు. నా చెయ్యి ఆయన బిడ్డకు తగిలినందుకేమో అనుకున్నాను గానీ కాదు. ఆయనకు సూదంటే భయం! కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా?" అని రెండుసార్లు అడిగారు. "అయిపోయింది. ఎనిమిదో రోజు వచ్చి చూస్తా" అన్నాను. ఆయన బిడ్డను మళ్ళీ భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి, వెనక్కు తిరక్కుండానే, "ఆ దినం ఇంటికి రా. ముందు గుమ్మంలోకే" అన్నారు. (వెళ్ళాను. అరుగు మీద చాప వేశారు. చాప కొత్తదా, పాతదా అని చూడకుండా కూర్చున్నాను.)

మునసబు గారి మనవడికి టీకా వేసిన రోజు సాయంత్రమే కంభం స్టేషన్లో రైలు కోసం చూస్తూ మా నాయనకు కార్డు రాశాను. ఆయనకు చదువు రాదు. మా పాలెం బడి పంతులు చదివి వినిపించాలి. అంటే నలుగురూ వింటారన్నమాట. అందుకని కాస్త జాగ్రత్తగానే రాశాను. ఊరు ఊరంతా నా మాట మీద నిలబడిందని రాశాను. మునసబు గారంతటివాడు నా దగ్గరికి నడిచి వచ్చాడని రాశాను. మొదటి నుంచి చివరిదాకా నాకు ఏ మాత్రం భయం వేయలేదని రాశాను. ఆ వాక్యం నాకే ఎంతో నచ్చి, కార్డు చివర చోటు మిగిలితే, 'భయమనేది నేనెరుగను' అని ఇంకోసారి రాశాను.

క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ చెప్పింది. మా నాయన ఆ కార్డును మూడుసార్లు చదివించుకున్నాడట. మొదటిసారి తల ఊపాడట. రెండోసారి చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూశాడట. మూడోసారి నవ్వి, "రెండుసార్లు రాసినాడంటే పాపం, బిడ్డ బాగా భయపడినట్టుండాడు" అన్నాడట. అని కార్డును మడత పడకుండా బైబిల్లో పెట్టుకున్నాడట.

ఇన్నేళ్ళకు ఆ కార్డు రాసిన కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కోపం రాదు. స్టేషను బెంచీ మీద, మోకాలి మీద పెట్టె, పెట్టె మీద కార్డు పెట్టుకుని, నాలుక కొరుక్కుంటూ, అంత ధీమాగా, అంత గుండ్రటి అక్షరాలతో అబద్ధం రాస్తుంటాడు. వాడికి ఏమీ చెప్పాలనిపించదు. రైలు వచ్చేదాకా పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.